ఏ తలుపుకి కొడుతోంది గాలి

ఫోన్ ఎత్తగానే అందరూ చెప్పేది ఒకటే:
"ఇక్కడ ఏమీ లేదు."
పటగోనియాలో అది చిరునామా కాదు నాయనా,
రాష్ట్రం మొత్తం అదే.

అందుకే పేరు అడిగే ముందు అడుగుతాను
గాలి ఏ తలుపుకి కొడుతోందని.
మా గాలికి పడమర తప్ప వేరే పుట్టిల్లు లేదు.
ఎడమ తలుపు వణుకుతుంటే ఉత్తరానికి పోతున్నట్టు,
కుడిదైతే దక్షిణానికి.
ఆ తర్వాత కంచె సంగతి. కర్ర గుంజలా, ఇనుపవా?
తీగకి చిక్కి ఎండిపోయిన గ్వానాకో ఏదైనా దాటావా?
దాని తల ఎటుంది?
ఇరవై రెండేళ్లుగా ఈ నలభయ్యో నంబరు రోడ్డు మీద
ఆగిపోయిన బళ్లకి పెట్రోలు మోస్తున్నదాన్ని,
చచ్చిన జంతువులే నాకు మైలురాళ్లు.

ఆ రాత్రి రెండున్నరకి ఫోన్ చేసినవాడు
ఒక్క గీత సిగ్నల్ కోసం
క్యాబిన్ పైకెక్కి నిలబడ్డాడట.
మాటలో సగం గాలి మింగేసింది.
మిగిలిన సగంలో "ఎడమ" అని వినపడింది.
చాలు.

ఇరవై లీటర్ల డబ్బాలు రెండు,
గరాటు, చిరిగిన స్వెట్టరు ముక్క, థర్మాస్‌లో వేడినీళ్లు.
నూట పది కిలోమీటర్లు.
కుందేళ్లు లైట్ల ముందు పందెం పరిగెడతాయి.
నేను బ్రేకు తొక్కను,
ఈ మంచు మీద తొక్కితే దొర్లేది నేనే.

దూరాన ఒక దీపం వెలిగి, ఆరింది.
చాలాసేపటికి మళ్లీ వెలిగి, ఆరింది.
బ్యాటరీ విలువ తెలిసిన మనిషి.
చూడకముందే నచ్చాడు.

పేరు ఫెర్మీన్ ఒయార్సో, గొర్రెల బొచ్చు కత్తిరించే మేస్త్రీ.
ముఖం నిండా అరవై ఏళ్ల ఎండ,
అరచేతులు మాత్రం పసిపిల్లాడివి,
బొచ్చులోని జిడ్డు చేసిన ఉపకారం.
ట్యాంకు మూత తీశాక ఇద్దరం
గాలికి వీపులిచ్చి నిలబడ్డాం,
కోటు బొత్తాలు విప్పి, అంచులు చాచి,
గరాటుని పొదిగే కోళ్లలా.
లేకపోతే సగం పెట్రోలు అట్లాంటిక్‌లో పడుతుంది.
అయినా కొంత నా మోచేతి దాకా కారింది.
ఆ వాసన మా ఇంట్లో దుప్పట్లకి కూడా తెలుసు.

"ముల్లు చూసుకోలేదా?" అన్నాను.
ముల్లు పదకొండేళ్లుగా సగం దగ్గరే ఆగిపోయిందట.
"లెక్క ఇర్మా చూసేది.
ఎంత పోశాం, ఎంత తిరిగాం,
ఎక్కడ ఆపి మళ్లీ పోయించాలి,
అంతా మోకాలి మీద పుస్తకం పెట్టుకుని.
నాది తోలడం వరకే."

డాష్‌బోర్డు మీదే ఉంది పుస్తకం,
పెన్సిల్‌ని రబ్బరు బ్యాండుతో నడుముకి కట్టుకుని.
పాడు అలవాటు నా చేతిది. తీసి తెరిచాను,
నలభై లీటర్లు, మీటరు అంకె, తారీఖు
రాసిపెడదామని.
చివరి వరుస మార్చి నెలది.
కూడికలో ఒక తప్పు, కొట్టేసి
పక్కనే బొద్దుగా సరిచేసిన ఏడు.
ఇప్పుడు ఆగస్టు.

"దాన్లో వద్దు," అన్నాడు.
కోపంగా కాదు. ఇంకో ముద్ద వద్దన్నట్టు.

రసీదు వెనక రాసిచ్చాను.
చదవకుండా జేబులో పెట్టుకున్నాడు.
మాతే తాగుదామంటే
తన బండిలో ఆ పక్క సీట్లో కూర్చోమనలేదు,
నేనూ కూర్చోబోలేదు.
నా బండిలోనే తాగాం, ఒకే గొట్టంతో, మార్చి మార్చి,
గొర్రెల ధర గురించి రెండు మాటలు,
గాలి గురించి ఒక బూతు.

ఇంజను మూడోసారికి అందుకుంది.
"మూడు వందల కిలోమీటర్లు! అంతకు మించి పోదు!"
అరిచాను అద్దం లోంచి.
తలూపాడు. దేనికి ఊపాడో.

సెప్టెంబరు ఆఖర్లో మళ్లీ అదే నంబరు.
ఇంకా నోరు తెరవలేదు నేను.
"ఎడమ తలుపు," అన్నాడు,
"నీ గ్వానాకో తల ఊడిపోయింది, ఈసారి గుంజ చూసుకో."
ఆ రసీదు ఏమైందని అడగలేదు.
డబ్బాలు ఎక్కించాను.
వేడినీళ్లు మాత్రం రెండు థర్మాస్‌లు.